సాధు సుందర్ సింగ్ గారి పదిహేనవ ఏడు



సాధు సుందర్ సింగ్ గారి కాషాయ వస్త్రము, టిబెట్ ప్రయాణములు మనము సండేస్కూలు నాటినుండి వింటున్నవే. ఈసారి ఆయన పదిహేనవ ఏటి సంగతి చెప్పదలచాము.

ఆయన 1889 సెప్టెంబరు 3న పంజాబులోని రాంపూరులో కలిగిన సిక్కు కుటుంబములో పుట్టారు. తల్లి దగ్గరే భక్తి నేర్చుకున్నారు. పద్నాలుగవ ఏట ఆమె చనిపోయింది. ఆ తరువాత మిషను బడిలో తిరగబడ్డారు, చివరికి సువార్త పుస్తకమును చించి కాల్చారు. చూచేవారికి అది పొగరు. లోపల ఉన్నది దుఃఖము. 1904 డిసెంబరులో ఒక రాత్రి, దేవుడు కనబడకపోతే తెల్లవారేసరికి ప్రాణము విడువవలెనని నిశ్చయించుకొని ప్రార్థనకు కూర్చున్నారు. అదే ఇంట తండ్రి నిద్రపోతున్నారు. ఆయనకేమీ తెలియదు. తెల్లవారకముందే ప్రభువు దర్శనము కలిగింది.

మనము సాధారణముగా కథను ఇక్కడే ఆపుతాము. కాని తరువాత ఇల్లు ఆయనను వెలివేసింది. విషాన్నము తిని ప్రాణాపాయములో రూపర్ చేరితే అక్కడి క్రైస్తవ కుటుంబము తలుపు తీసింది. లుధియానా మిషనరీలు ఆశ్రయమిచ్చారు. 1905లో, పదహారవ పుట్టినరోజున, సిమ్లాలో బాప్తిస్మము పొందారు. 1929లో టిబెట్‌కు బయలుదేరి తిరిగి రాలేదు. ఆ మధ్య కాలమంతా ఎందరికో ఆశీర్వాదమైనారు. దర్శనమిచ్చినది దేవుడు, తలుపు తీసినది మనుష్యులు.

ప్రాణహిత ఒడ్డున సిరోంచలోను, గడ్చిరోలి సరిహద్దు ఊళ్ళలోను మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పక్క బెంచీలో గోండు, మాడియా పిల్లలు, అడవి ఊరు విడిచి హాస్టలుకు వచ్చినవారు. మార్కులు తప్పినా, మనసు విరిగినా ఏ భాషలో ఎవరికి చెప్పుకోవాలో వారికి తోచదు. మేము బడిలో పనిచేసిన రోజులలో తిరగబడినవానిని పొగరుబోతు అన్నాము, మౌనముగా ఉన్నవానిని బుద్ధిమంతుడు అన్నాము. ఇద్దరినీ ఏమైందని అడగలేదు. ఆ బాధ మాకు నేటికీ ఉన్నది.

చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు మొదట నిద్రను, రొట్టెను, నీళ్ళను ఇచ్చాడు. ప్రశ్న తరువాత అడిగాడు. మనమూ బిడ్డను అన్నానికి పిలుద్దాము. బిడ్డా, చచ్చిపోవాలని అనిపిస్తున్నదా అని సూటిగా అడుగుదాము. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు, గుండె బరువు తగ్గుతుంది. అవునంటే తిట్టవద్దు, పాపమని బెదిరించవద్దు, ఒంటరిగా విడువవద్దు. వైద్యుని దగ్గరకు తీసుకుపోండి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416కు రాత్రింబగళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును.

దర్శనము కలుగునని ఎదురుచూస్తూ మనము నిద్రపోకూడదు. ఈ ఆదివారము ఆరాధన అయిన తరువాత, మీ బిడ్డ కాని ఒక బిడ్డతో పది నిమిషములు కూర్చొనండి.