ద్వారం వేంకటస్వామినాయుడుగారి హస్తసాధన

కంటిచూపు మందమై బడిచదువు సాగని బాలుని భవితవ్యమేమగునోయని తల్లిదండ్రులు చింతిల్లుట సహజము. అట్టి బాలుఁడొకఁడు తన రెండుచేతులకును పొందిక నేర్పి సంగీతలోకమున మాన్యుఁడయ్యెను. ఫిడేలు నాయుడుగారని ప్రసిద్ధికెక్కిన ద్వారం వేంకటస్వామినాయుడుగారే ఆ బాలుఁడు.

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగనాఁడు, బెంగుళూరునందు జన్మించిరి. తండ్రి వేంకటరాయుడుగారు సైన్యమున ఉద్యోగి. ఉద్యోగవిరమణానంతరము ఆయన సకుటుంబముగ విశాఖపట్టణమున స్థిరపడిరి. దృష్టిమాంద్యముచే బాలుఁడు పాఠశాలను విడువవలసివచ్చెను. అంతట అన్నగారైన వేంకటకృష్ణయ్యగారు తమ్మునికి ఫిడేలు నేర్పిరి.

ఈ వాద్యమునందలి కష్టమెట్టిదో తెలిసికొందము. వీణకు 24 మెట్లుండును; గిటారునకును మెట్లు గలవు. వానియందు ఎడమచేతివ్రేలు మెట్టుకడ తంత్రిని నొక్కుచుండఁగా కుడిచేతివ్రేళ్లు దానిని మీటును. ఫిడేలునకో మెట్లే లేవు. వ్రేలు వెండ్రుకవాసి తొలఁగినను అపస్వరము పుట్టును. అంతియేకాదు, ఎడమచేతివ్రేలు స్వరస్థానమున వ్రాలుటయు, కుడిచేతి కమాను దిక్కు మార్చుటయు ఒక్క క్షణముననే జరుగవలెను. రెండుచేతులకును ఈ పొందిక కుదురుటకై శిష్యులు సరళివరుసలను, జంటవరుసలను, అలంకారములను మొదట మెల్లగను, పిదప రెట్టింపు వేగమునను, ఆపై నాలుగురెట్ల వేగమునను సాధనచేయుదురు. జంటవరుసలలో ప్రతిస్వరమును రెండుమార్లు వచ్చును. రెండవది మొదటిదానికి తీసిపోకుండ పలికించుట చేతులకు గొప్ప పరీక్ష. ఈ విద్యలో కన్ను చేయఁగల సాయము స్వల్పము. చెవియు స్పర్శయునే మార్గము చూపును. నాయుడుగారి కొఱఁత యిచ్చట ఆయనకు అడ్డుకాలేదు.

మన చోడవరమునకు ఈశాన్యముననున్న విజయనగరమున 1919లో మహారాజావారి సంగీతకళాశాల వెలసెను. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి అధ్యక్షులు. నాయుడుగారు అచ్చట విద్యార్థిగఁ జేరఁబోయి ఆచార్యులుగ నియమింపఁబడిరి! 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులైరి. పెక్కుచోట్ల గాత్రమునకు పక్కవాద్యముగ మాత్రమే వినఁబడుచుండిన ఫిడేలును ప్రధానవాద్యముగఁ జేసి కచేరీలు నడపిన వారిలో ఆయన అగ్రగణ్యులు. మద్రాసు సంగీత విద్వత్సభవారు 1941లో సంగీతకళానిధి బిరుదమొసఁగిరి. 1952లో మద్రాసునందు జగద్విఖ్యాత వైలిను విద్వాంసుఁడు యెహూదీ మెనూహిన్ ఆయన వాదనమును విని ముగ్ధుఁడయ్యెను. 1957లో భారతప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి గౌరవించెను. 1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన నాయుడుగారు కీర్తిశేషులైరి. శతజయంతి సంవత్సరమైన 1993లో ఆయన పేర తపాలాబిళ్ల వెలువడెను.

బడి విడిచిన బాలుఁడు కళాశాలకు అధ్యక్షుఁడగుట వింత గాదా? ఇది ఒకనాఁటి అదృష్టము గాదు. మెల్లగ మొదలిడి, తప్పును దిద్దుకొనుచు, దినదినమును చేసిన సాధనకు ఫలము. బాలబాలికలారా, వేగమునకుఁ దొందరపడకుఁడు. తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, ఒక్క లోపమును జూచి బిడ్డ యోగ్యతను నిర్ణయింపకుఁడు. వాని చేతులలో నేమి విద్య దాఁగియున్నదో ఎవ్వరెఱుంగుదురు?