బోరింగు పిడి తీయించిన డాక్టరు
కలరా నీళ్లలో ఉందని తేల్చిన జాన్ స్నో జీవితం

1854 సెప్టెంబరు 7వ తేదీ సాయంత్రం. లండన్ నగరంలోని సోహో పేటలో వారం రోజులుగా కలరా ఊచకోత కోస్తోంది. రాత్రి బాగానే ఉన్న మనిషి తెల్లారేసరికి శవమవుతున్నాడు. పోగలిగిన వారంతా ఇళ్లకు తాళాలు వేసుకుని పోయారు. బండి కట్టించుకునే స్తోమతు లేని బీదాబిక్కీ మాత్రమే మిగిలారు. ఆ పేట బాగోగులు చూసేది సెయింట్ జేమ్స్ పారిష్ గార్డియన్ల బోర్డు. మన పంచాయతీ బోర్డు వంటిదే. ఆ సాయంత్రం బోర్డు సభ్యులు సమావేశమై ఉండగా నలభై ఒక్క ఏళ్ల డాక్టరు ఒకరు వచ్చి, తన మాట వినమని కోరారు. ఆయన మందులడగలేదు, డబ్బడగలేదు. బ్రాడ్ స్ట్రీట్‌లో ఉన్న చేతిపంపు పిడి ఊడదీయించమన్నారు. ఆయనే జాన్ స్నో.

కూలివాని కొడుకు

జాన్ స్నో 1813 మార్చి 15న ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో పుట్టారు. తండ్రి బొగ్గు డిపోలో కూలీ. తొమ్మిది మంది సంతానంలో ఈయనే పెద్ద. ఇల్లు ఊజ్ నది ఒడ్డునే ఉండేది. చదువులో చురుకైన కుర్రవాణ్ణి పద్నాలుగో ఏట న్యూకాసిల్‌లో ఒక డాక్టరు దగ్గర శిష్యరికానికి పెట్టారు.

మన దేశంలో గంగా తీరం నుంచి 1817లో బయలుదేరిన కలరా దేశాలు దాటి 1831లో ఇంగ్లండులో అడుగు పెట్టింది. న్యూకాసిల్ దగ్గర కిల్లింగ్‌వర్త్ బొగ్గు గనుల్లో కూలీలు పిట్టల్లా రాలిపోయారు. వారికి వైద్యం చేయడానికి గురువు పంపింది పద్దెనిమిదేళ్ల స్నోనే. గనుల్లో మరుగు సౌకర్యం లేదు. కూలీలు ఆ చేతులతోనే చద్దిమూట విప్పుకుని తినేవారు. ఆనాడు చూసిన ఈ సంగతి స్నో మనసులో నిలిచిపోయింది.

ఆయనది కట్టుదిట్టమైన నడవడి. పదిహేడో ఏట మాంసం మానేశారు. చాలా ఏళ్లు మద్యం ముట్టలేదు. నీళ్లు శుద్ధి చేసుకునే తాగేవారు. 1836లో పై చదువుకు లండన్ బయలుదేరి, చాలా దూరం చుట్టు తిరిగి కాలినడకనే చేరుకున్నారు. 1844లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. పెళ్లి చేసుకోలేదు.

రాణికి మత్తుమందు

స్నోకు బతికుండగా పేరు తెచ్చింది కలరా కాదు, మత్తుమందు. ఆపరేషన్ అంటే మనిషిని కట్టేసి కోసే ఆ రోజుల్లో ఈథర్, క్లోరోఫారం కొత్తగా వచ్చాయి. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎంత ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది అనేది స్నో లెక్క కట్టి తేల్చారు. 1853 ఏప్రిల్‌లో విక్టోరియా రాణి ప్రసవ సమయంలో నొప్పి తెలియకుండా క్లోరోఫారం ఇచ్చింది ఈయనే. 1857లో మరో కాన్పుకూ రాణి ఈయననే పిలిపించింది. కూలివాని కొడుకు రాజమందిరానికి వైద్యుడయ్యారు.

చెడుగాలి కాదు, చెడు నీరు

అప్పటి పెద్ద డాక్టర్లందరి నమ్మకం ఒక్కటే. కుళ్లు వాసన వల్ల, చెడుగాలి వల్ల కలరా వస్తుందని. స్నోకు అది సబబు అనిపించలేదు. గాలి వల్ల వస్తే ముందు ఊపిరితిత్తులు చెడాలి కదా, ఈ జబ్బు కడుపులోనే ఎందుకు మొదలవుతుంది? రోగి విరేచనాల్లోని విషం నీళ్లలో కలిసి మరొకరి నోట్లోకి పోవడమే కారణమని ఆయన 1849లోనే చిన్న పుస్తకం వేశారు. వైద్యులు పెద్దగా పట్టించుకోలేదు.

అయిదేళ్ల తర్వాత ఆయన ఇంటికి దగ్గర్లోనే కలరా విరుచుకుపడింది. 1854 ఆగస్టు 31 రాత్రి మొదలై మూడు రోజుల్లో బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల 127 మందిని పొట్టన పెట్టుకుంది. అందరూ ఊరు విడిచి పోతుంటే స్నో ఊళ్లోకి వెళ్లారు. మరణాల రిజిస్టరు తెప్పించి, ఆ వారాంతంలో నమోదైన 83 చావుల చిరునామాలు పట్టుకుని గడప గడపకూ తిరిగారు. ప్రతి ఇంట్లో అడిగింది ఒకటే. మీరు ఏ పంపు నీళ్లు తాగుతారు?

ఆ 83 మందిలో 73 మంది ఇళ్లు బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గరే ఉన్నాయి. మిగిలిన పదిమందికి వేరే పంపు దగ్గర. వాళ్ల సంగతీ విచారించారు. అయిదు ఇళ్లవారు బ్రాడ్ స్ట్రీట్ నీళ్లు రుచిగా ఉంటాయని అంత దూరం నుంచి తెప్పించుకునేవారు. ముగ్గురు పిల్లలు ఆ పంపు పక్కనున్న బడికి వెళ్లేవారు.

ఆ పేటలోనే బీదల సత్రం ఒకటి ఉంది. అందులో 535 మంది. చుట్టూ ఇళ్లలో చావు కేకలు వినిపిస్తుంటే సత్రంలో చనిపోయింది అయిదుగురే. వారికి సొంత బావి ఉంది. పంపు దాపునే బీరు కార్ఖానా ఉంది. డెబ్బై మందికి పైగా కూలీలు. ఒక్కరూ కలరాతో పోలేదు. వాళ్లు తాగేది బీరు, లేదా కార్ఖానాలోని సొంత బావి నీళ్లు. అదే వీధిలో తుపాకీ సామాను తయారు చేసే ఫ్యాక్టరీలో మాత్రం 18 మంది చనిపోయారు. అక్కడి తొట్లలో నింపేది పంపు నీళ్లే.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఊరికి దూరంగా దొరికింది. హాంప్‌స్టెడ్‌లో ఉండే ఒక విధవరాలు కలరాతో చనిపోయింది. ఆ ప్రాంతంలో జబ్బే లేదు. ఆమె పూర్వం బ్రాడ్ స్ట్రీట్‌లో కాపురమున్న మనిషి. ఆ నీళ్ల రుచి మరవలేక రోజూ బండి మీద సీసాలో తెప్పించుకునేది. ఆమెను చూసిపోవడానికి వచ్చి ఆ నీళ్లే తాగిన మేనకోడలూ తిరిగి వెళ్లి చనిపోయింది.

ఇంతా చేసి, పంపు నీళ్లు చూడటానికి తేటగానే ఉన్నాయి. సూక్ష్మదర్శినిలో చూసినా చెప్పుకోదగ్గ మలినం కనపడలేదు. స్నో కూడా కాసేపు సందేహించారు. చివరికి కంటికి కనపడిన తేటదనం కన్నా చావుల లెక్కనే నమ్మారు.

నమ్మకం లేకున్నా పని చేసిన బోర్డు

బోర్డు సభ్యులు ఆయన చెప్పిందంతా విన్నారు. నమ్మకం మాత్రం కుదరలేదు. ఊరంతా మెచ్చుకునే నీళ్లు అవి. పైగా పంపు మూస్తే జనం ఊరుకుంటారా అన్నది ఒకటి. అయినా పిడి తీస్తే పోయేదేమిటి, తీయకపోతే ఎందరు పోతారో అన్నది మరొకటి. బోర్డు తీయించడానికే ఒప్పుకుంది. మర్నాడు, సెప్టెంబరు 8న, పిడి ఊడదీశారు.

కలరా అప్పటికే తగ్గుముఖం పట్టింది. జనంలో ఎక్కువమంది ఊరు విడిచిపోవడం కూడా కారణం కావచ్చునని స్నో తానే ఒప్పుకున్నారు. మొత్తం మీద 616 మంది బలయ్యారు. పిడి తీసినందువల్ల ఒరిగిందేమీ లేదని చాలామంది అనుకున్నారు. అసలు సంగతి మరుసటి సంవత్సరం గాని బయటపడలేదు.

పారిష్ వారు 1854 నవంబరులో సొంతంగా విచారణ సంఘం వేశారు. అందులో స్నోతో పాటు హెన్రీ వైట్‌హెడ్ అనే యువ పాదిరీ కూడా ఉన్నారు. స్నో చెప్పింది తప్పని రుజువు చేయాలనే వైట్‌హెడ్ మొదట బయలుదేరారు. పేటలో ప్రతి కుటుంబం ఆయనకు తెలిసినదే. ఒక్కొక్క ఇంటికి నాలుగైదు సార్లు తిరిగారు. తిరిగిన కొద్దీ స్నో చెప్పిందే నిజమని తేలింది.

చివరకు పంపు ఎదుటి 40వ నంబరు ఇంటి దగ్గర గుట్టు దొరికింది. ఆ ఇంట్లో పోలీసు కానిస్టేబులు కుటుంబం ఉండేది. వారి అయిదు నెలల పసిబిడ్డకు ఆగస్టు చివరలో విరేచనాలు పట్టుకున్నాయి. తల్లి గుడ్డలు జాడించిన నీళ్లు ఇంటి ముందరి మురుగు గుంటలో పారబోసేది. 1855లో తవ్వి చూస్తే గుంట ఇటుకలు కుళ్లి వదులై ఉన్నాయి. గుంటకూ పంపు బావికీ మధ్య దూరం మూడడుగుల లోపే. గుంటలోది బావిలోకి ఊరుతోంది.

బిడ్డ సెప్టెంబరు 2న కన్నుమూసింది. సరిగ్గా పంపు పిడి తీసిన 8వ తేదీనే తండ్రికి కలరా సోకింది. పదకొండు రోజులు మంచాన ఉండి చనిపోయాడు. ఆ రోజుల్లోనూ రోగి గుడ్డల నీళ్లు పోయింది ఆ గుంటలోకే. పంపు ఆడుతూ ఉంటే, ఇళ్లకు తిరిగి వస్తున్న జనం మళ్లీ ఆ నీళ్లే తాగేవారు. పేట రెండోసారి వల్లకాడయ్యేది. నమ్మకం లేకుండానే బోర్డు చేసిన పని ఎన్ని ప్రాణాలు నిలిపిందో అప్పుడు గాని అర్థం కాలేదు.

పెద్దలు ఒప్పుకోలేదు

పారిష్ సంఘం 1855లో ఇచ్చిన నివేదిక నీళ్లనే తప్పుపట్టింది. ప్రభుత్వ ఆరోగ్య బోర్డు నియమించిన పెద్ద పండితుల సంఘం మాత్రం స్నో వాదనను కొట్టిపారేసింది. ఆ తర్వాత పంపుకు పిడి మళ్లీ బిగించారు కూడా.

స్నో తన పని ఆపలేదు. దక్షిణ లండన్‌లో రెండు కంపెనీలు ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లకు నీళ్లిచ్చేవి. ఒకటి మురుగు కలిసే చోట థేమ్స్ నదిలో తోడేది. రెండోది 1852లో ఎగువకు మారింది. స్నో ఇంటింటికీ తిరిగి లెక్క తీశారు. మొదటి ఏడు వారాల్లో మురుగు నీటి కంపెనీ ఇళ్లలో పదివేలకు 315 చావులు. ఎగువ నీళ్లు తాగిన ఇళ్లలో పదివేలకు 37. ఒకే గాలి, ఒకే వీధి, తేడా నీళ్లలోనే.

ఇదంతా కలిపి 1855లో పెద్ద పుస్తకం వేశారు. చేతి డబ్బు 200 పౌన్లకు పైగా ఖర్చు పెట్టారు. తిరిగి వచ్చింది అన్ని షిల్లింగులైనా లేదు.

1858 జూన్‌లో పక్షవాతం వచ్చి, 16వ తేదీన స్నో కన్నుమూశారు. వయసు నలభై అయిదే. లండన్‌లోని పేరున్న వైద్య పత్రిక లాన్సెట్ క్లోరోఫారం గురించి రెండు ముక్కలు వేసి సరిపెట్టింది. కలరా ఊసే ఎత్తలేదు. ఆ లోటును 2013లో, అంటే 155 ఏళ్ల తర్వాత, అదే పత్రిక దిద్దుకుంది. స్నో చూడలేకపోయిన కలరా క్రిమిని 1884లో జర్మనీ డాక్టరు రాబర్ట్ కోక్ మన కలకత్తాలోని ఒక చెరువు నీళ్లలోనే కనిపెట్టారు.

లండన్‌లో ఆ వీధిని ఇప్పుడు బ్రాడ్‌విక్ స్ట్రీట్ అంటారు. ఆ పంపుకు గుర్తుగా అక్కడ నమూనా పంపు నిలబెట్టారు. దానికి పిడి పెట్టలేదు. నీళ్లు తేటగా ఉన్నాయా, తియ్యగా ఉన్నాయా అని చూసుకుని మురిసిపోకుండా, పక్కన మురుగు గుంట ఎంత దూరంలో ఉందో చూసుకోమని ఊరికి, ఊరి పెద్దలకు అది నేటికీ చెబుతూనే ఉంది.