ఈత రాకపోయినా సముద్రం అడుగున ఊపిరి.. స్కూబా డైవింగ్ వెనకున్న కూస్టో కథ ఇదీ!

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం.. ఈ మూడు ఊళ్లకీ సముద్రం చాలా దూరం. వాన పడితేనే చెరువు నిండే ప్రాంతమిది. అయినా సెలవులొస్తే ఇక్కడి నుంచి బెంగళూరు వెళ్లి అండమాన్ ఫ్లైట్ ఎక్కేవాళ్లున్నారు. స్వరాజ్ ద్వీప్‌లో వీపుకి సిలిండర్ కట్టుకుని నీళ్లలోకి దిగుతున్నారు. ఈత రానివాళ్లు కూడా గైడ్ చెయ్యి పట్టుకుని పగడపు దిబ్బలు చూసి వస్తున్నారు. దీన్ని సాధ్యం చేసినవాళ్లలో ముఖ్యుడు ఫ్రాన్స్‌కి చెందిన జాక్ కూస్టో.

కారు ప్రమాదంతో మారిన దారి

కూస్టో 1910 జూన్ 11న ఫ్రాన్స్‌లో పుట్టాడు. నేవీలో చేరి పైలట్ కావాలనుకున్నాడు. కారు ప్రమాదంలో రెండు చేతులూ విరిగాయి. విమానం కల అక్కడితో ఆగిపోయింది. చేతుల్లో మళ్లీ బలం రావడానికి రోజూ సముద్రంలో ఈత కొట్టేవాడు. అప్పుడే నేవీ మిత్రుడు ఫిలిప్ తాయే ఇచ్చిన కళ్లద్దాలు పెట్టుకుని నీటి కిందికి చూశాడు. ఇక ఆ లోకాన్ని వదల్లేదు.

కానీ ఊపిరి బిగబట్టి ఎంతసేపు ఉండగలరు? స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో పనిచేసే పరికరం వాడి చూస్తే నీళ్లలోనే ఫిట్స్ వచ్చాయి. ప్రాణాలతో బయటపడటమే గొప్ప.

గ్యాస్ కారు నుంచి డైవింగ్ సిలిండర్‌కి

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లో పెట్రోల్ కరవు. చాలా వాహనాలు గ్యాస్‌తో నడిచేవి. వాటి కోసం ఇంజినీర్ ఎమిల్ గాన్యాన్ ఒక రెగ్యులేటర్ తయారు చేశాడు. దాన్నే మనిషి ఊపిరికి తగ్గట్టు మార్చమని కూస్టో అడిగాడు. 1943లో మార్న్ నదిలో మొదటి పరీక్ష. తల పైకి ఉంటే గాలి వృథాగా పోయేది, తల కిందికి ఉంటే ఊపిరి అందేది కాదు. గాలి వచ్చే దారి, పోయే దారి ఒకే ఎత్తులో పెట్టడంతో సమస్య తీరింది. అదే ఆక్వాలంగ్.

ఇది పనిచేసే తీరు సింపుల్. 10 మీటర్ల లోతుకి వెళ్తే శరీరం మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. రెగ్యులేటర్ కూడా చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానంగా, పీల్చినప్పుడు మాత్రమే గాలి ఇస్తుంది.

అయితే ఈ ప్రయోగాల్లో ప్రాణాలూ పోయాయి. 1947లో లోతు రికార్డు కోసం దిగిన సహచరుడు మారిస్ ఫార్గ్ తిరిగి రాలేదు.

వేటగాడి నుంచి కాపలాదారుగా..

పాత యుద్ధ నౌకను కాలిప్సో పేరుతో పరిశోధన ఓడగా మార్చి ప్రపంచమంతా తిరిగాడు కూస్టో. భార్య సిమోన్ నగలు అమ్మి మరీ అండగా నిలిచింది. లూయీ మాల్‌తో కలిసి తీసిన ‘ది సైలెంట్ వరల్డ్’ డాక్యుమెంటరీకి 1956లో కాన్స్‌లో అత్యున్నత అవార్డు, తర్వాత ఆస్కార్ వచ్చాయి.

కానీ అదే సినిమాలో చేపల లెక్క కోసం పగడపు దిబ్బను డైనమైట్‌తో పేల్చారు. సిబ్బంది సొరచేపల్ని చంపారు. ఈ సీన్ల మీద ఇప్పటికీ విమర్శలున్నాయి. తర్వాత కూస్టో మారాడు. 1960లో మధ్యధరా సముద్రంలో అణు వ్యర్థాలు పడేయాలన్న ప్లాన్‌పై పోరాడి ఆపించాడు. 1973లో కూస్టో సొసైటీ పెట్టాడు. అంటార్కిటికాలో గనుల తవ్వకం వద్దని ఉద్యమించాడు. ఆయన బృందం అండమాన్ మీద కూడా డాక్యుమెంటరీ తీసింది.

1979లో చిన్న కొడుకు ఫిలిప్ సీప్లేన్ ప్రమాదంలో చనిపోయాడు. 1996లో సింగపూర్‌లో ఓ బార్జ్ ఢీకొని కాలిప్సో మునిగిపోయింది. మరుసటి ఏడాది జూన్ 25న, 87 ఏళ్ల వయసులో కూస్టో కన్నుమూశాడు.

డైవింగ్‌కి వెళ్తున్నారా? ఇవి గుర్తుంచుకోండి

* నీటి కింద ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది. అది ప్రాణాల మీదికి తెస్తుంది.
* దిగేటప్పుడు చెవులు నొప్పి పెడితే గైడ్‌కి సైగ చేసి ఆగాలి.
* బొటనవేలు పైకి చూపిస్తే బాగుందని కాదు, పైకి వెళ్దామని అర్థం. అంతా ఓకే అంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.
* ఆస్తమా, గుండె జబ్బు, చెవి సమస్య ఉంటే దాచొద్దు. ముందే డాక్టర్‌ని అడగాలి.
* డైవ్ చేసిన వెంటనే బెంగళూరు ఫ్లైట్ ఎక్కొద్దు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, అంతకన్నా ఎక్కువైతే 18 గంటలు ఆగాలి.
* పగడాలను ముట్టుకోవద్దు, విరవొద్దు. అవి రాళ్లు కాదు, ప్రాణమున్న జీవులు. కూస్టోకి ఈ విషయం అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. మనం మాత్రం మొదటి డైవ్ నుంచే పాటించవచ్చు.