గుండెకు బదులు యంత్రము: డాక్టర్ జాన్ గిబ్బన్‌గారు



డాక్టర్ జాన్ గిబ్బన్‌గారు 1903లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జన్మించిరి. బోస్టన్‌లో యువ వైద్యుడుగా నుండగా, ఊపిరితిత్తులకు పోవు రక్తనాళములో గడ్డ అడ్డుపడిన ఒక స్త్రీ ప్రక్కన రాత్రంతా కనిపెట్టుకొనియుండిరి. ఆమె బ్రతకలేదు. రక్తమును బయటికి తీసి, ప్రాణవాయువు చేర్చి, తిరిగి ఎక్కించు యంత్రముంటే బ్రతికేది గదా అను తలంపు ఆయనను విడువలేదు. భార్య మేరీగారితో కలిసి సంవత్సరముల తరబడి పిల్లులపై ప్రయోగములు చేసిరి.

1952లో యంత్రముపై ఆపరేషను చేసిన తొలి పసిబిడ్డ చనిపోయెను. 1953 మే 6న 18 ఏండ్ల యువతి గుండెలోని రంధ్రము మూయగా, 26 నిమిషములు ఆ యంత్రమే గుండెగా, ఊపిరితిత్తులుగా పనిచేసెను. ఆమె బ్రతికెను. తరువాత ఇద్దరు బాలికలు మరణించగా ఆయన మనసు విరిగి ఆ ఆపరేషనులు మానివేసిరి, ఇతరులు కొనసాగించిరి. 1973లో మరణించిరి.

రాయచూరు జిల్లా క్యాంపులలోని మన బిడ్డలకు గుండె ఆపరేషను జరుగునప్పుడు డాక్టరుతోబాటు ఆ యంత్రము నడుపువారిని కూడ ప్రార్థనలో జ్ఞాపకము చేసికొందము.