రాబర్ట్ బ్రూస్ ఫుట్

రాబర్ట్ బ్రూస్ ఫుట్ (1834 సెప్టెంబరు 22 – 1912 డిసెంబరు 29) బ్రిటిషు భూగర్భ శాస్త్రవేత్త, పురావస్తు పరిశోధకుడు. భారతదేశంలో పాత రాతియుగపు మానవుడు నివసించాడని పనిముట్ల ఆధారంతో నిరూపించినందున ఈయనను భారత చరిత్రపూర్వయుగ పరిశోధనకు పితామహునిగా పేర్కొంటారు. నేడు పర్యాటకులు కాలినడకన సందర్శిస్తున్న బెలూం గుహలను 1884లో తొలిసారి నమోదు చేసినది ఈయనే.

తొలి జీవితం

ఫుట్ ఇంగ్లండులోని చెల్టెన్‌హాంలో జన్మించాడు. 1858లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరి మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేశాడు. 1863 మే 30న మద్రాసు సమీపంలోని పల్లావరంలో ఆయనకు ఒక రాతి గొడ్డలి లభించింది. అప్పటివరకు ఈ దేశంలో అంతటి ప్రాచీన మానవుని ఆనవాలు ఎవరూ గుర్తించలేదు.

కర్నూలు గుహలు

గద్వాల సీమకు దక్షిణాన, తుంగభద్రకు ఆవల ఉన్న కర్నూలు ప్రాంతంలో సున్నపురాతి నేలలు విస్తారంగా ఉన్నాయి. నీరు ఆ రాతిని కరిగించుకుంటూ పోవడం వలన సహజ సొరంగాలు ఏర్పడ్డాయి. 1883–84లలో ఫుట్, సైనికాధికారి అయిన తన కుమారుడు హెన్రీతో కలిసి బేతంచర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలలో త్రవ్వకాలు జరిపాడు. అక్కడ లభించిన జంతువుల ఎముకలను రిచర్డ్ లిడెక్కర్ అధ్యయనం చేశాడు. ఎముకలతో చేసిన పనిముట్లు కూడా దొరికినట్లు ఫుట్ తెలియజేసినా, ఆ వస్తువులు తరువాత కనిపించకుండా పోవడంతో ఆ విషయం చాలాకాలం సందేహాస్పదంగా మిగిలింది. 1970లలో ఎం.ఎల్.కె.మూర్తి ముచ్చట్ల చింతమాను గవిలో జరిపిన త్రవ్వకాలలో ఎముక పనిముట్లు లభించి, ఫుట్ మాటకు బలం చేకూరింది.

బెలూం గుహలు

కొలిమిగుండ్ల మండలంలో, చదునైన పొలాల క్రింద ఉన్న బెలూం గుహలు ఫుట్ నమోదు తరువాత సుమారు ఒక శతాబ్దం పాటు నిరాదరణకు గురయ్యాయి. 1982, 1983లలో డేనియల్ గెబాయర్ నాయకత్వంలోని జర్మన్ బృందం వీటిని సమగ్రంగా కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 1999లో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ వీటిని చేపట్టి, నడకదారి, విద్యుద్దీపాలు, గాలి వచ్చే ఏర్పాట్లు కల్పించి 2002లో సందర్శకులకు తెరిచింది. సుమారు ఒకటిన్నర కిలోమీటరు మేర నడిచి చూడవచ్చు. కోటిలింగాలు, సప్తస్వరాల గుహ, పాతాళగంగ ఇక్కడి ముఖ్య ఆకర్షణలు. 2022 జిల్లాల పునర్విభజనతో ఈ ప్రాంతం నంద్యాల జిల్లాలో చేరింది.

చివరి దశ

1891లో పదవీ విరమణ చేసిన తరువాత ఫుట్ బరోడా, మైసూరు సంస్థానాలకు సేవలందించాడు. ఏర్కాడులో స్థిరపడ్డాడు. తాను జీవితమంతా సేకరించిన పురావస్తువులను 1904లో మద్రాసు మ్యూజియంకు విక్రయించాడు. 1912లో కలకత్తాలో మరణించాడు. ఆ సేకరణపై ఆయన రూపొందించిన జాబితా మరణానంతరం ప్రచురితమైంది.