కాలిన్ మెకంజీ

కాలిన్ మెకంజీ (1754 - 1821 మే 8) ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు, భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్, పురావస్తు సేకర్త. దక్షిణ భారతదేశమంతటా తాళపత్ర గ్రంథాలు, శాసనాల ప్రతులు, గ్రామ చరిత్రలు, పాత నాణేలు సేకరించి భద్రపరచినవాడుగా ప్రసిద్ధుడు. తెలుగు గ్రామాల చరిత్రకు ముఖ్య ఆధారాలైన కైఫియత్తులు ఈయన పేరు మీదనే మెకంజీ కైఫియత్తులుగా వ్యవహరించబడుతున్నాయి. ఆ కీర్తి చాటున, 6,218 నాణేలను కూడబెట్టిన నాణేల సేకర్తగా ఈయన చేసిన కృషి కొంత మరుగున పడింది.

తొలి జీవితం

మెకంజీ స్కాట్లండుకు చెందిన లూయిస్ ద్వీపంలోని స్టోర్నోవే పట్టణంలో జన్మించాడు. యౌవనంలో అక్కడి సుంకాల శాఖలో ఉద్యోగం చేసాడు. గణితశాస్త్రంపై ఈయనకు మక్కువ ఎక్కువ. సంవర్గమానాలను కనుగొన్న జాన్ నేపియర్ వంశీయులతో పరిచయం కారణంగా భారతీయుల ప్రాచీన గణితం గురించి తెలుసుకోవాలన్న ఆసక్తి కలిగింది. 1783లో మద్రాసు చేరి కంపెనీ సైన్యంలో ప్రవేశించాడు. నేపియర్ వంశానికి చెందిన హెస్టర్ ఆహ్వానంపై మదురై వెళ్ళి అక్కడి పండితులను కలుసుకోవడం ఈయన జీవితంలో ఒక మలుపు.

ఉద్యోగ జీవితం

మూడవ మైసూరు యుద్ధంలోను, 1799 శ్రీరంగపట్నం ముట్టడిలోను ఇంజనీరుగా పనిచేసాడు. ఈ రెండింటి నడుమ నిజాము రాజ్యంలో సర్వే జరిపాడు. 1800లో ప్రారంభించిన మైసూరు సర్వే సుమారు పదేళ్ళు సాగింది. దత్తమండలాల సర్వే కూడా ఈయన శాఖ ఆధ్వర్యంలోనే జరిగింది. 1810లో మద్రాసు సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. 1811 నుండి 1813 వరకు జావా దండయాత్రలోను, తదనంతర సర్వేలోను పాల్గొన్నాడు. అక్కడే వివాహం చేసుకున్నాడు. 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ పదవి ఏర్పడగా దానిని మొదట అలంకరించింది ఈయనే.

నంద్యాల సీమతో సంబంధం

వెలుగోడు, ఆళ్ళగడ్డ, శ్రీశైలం నేడు నంద్యాల జిల్లాలో ఉన్నాయి. మెకంజీ కాలంలో నంద్యాల ప్రాంతంలో ఎక్కువ భాగం కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉండేది. 1794లో ఈయన నల్లమల అడవుల గుండా శ్రీశైలం చేరి, ఆలయాన్నీ దాని ప్రాకారంపై గల శిల్పాలనూ పరిశీలించాడు. ఆ విషయాలతో వ్రాసిన వ్యాసం ఏషియాటిక్ రిసెర్చెస్ పత్రిక ఐదవ సంపుటంలో వెలువడింది. ఆళ్ళగడ్డ సమీపంలోని అహోబిల క్షేత్రపు కైఫియత్తు కూడా మెకంజీ సేకరణలోనిదే.

నాణేల సేకరణ

మెకంజీకి భారతీయ భాషలలో ప్రవేశం లేదు. అందువలన సేకరణ భారమంతా స్థానిక సహాయకులపైన పడింది. వారిలో ముఖ్యులు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. కావలి వెంకట బొర్రయ్య పాత కన్నడ లిపిలోని శాసనాలను చదివి చరిత్రకారుల మెప్పు పొందాడు. ఆయన 1803లో అకాల మరణం చెందగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత స్వీకరించాడు. సహాయకులు ఊరూరా తిరిగి, కరణాలను, పూజారులను, పెద్దలను కలిసి, లభించిన వాటిని నివేదికలతో పాటు మెకంజీకి పంపేవారు.

నాటి చెలామణి అతి క్లిష్టమైనది. మద్రాసు లెక్క ప్రకారం ఒక వరహాకు 42 ఫణాలు, ఒక ఫణానికి 80 కాసులు. దీనికి తోడు పాత రాజ్యాల నాణేలు కూడా బజారులో మారుతూ ఉండేవి. 1818లో మద్రాసు ప్రభుత్వం వరహాకు బదులు రూపాయిని ప్రమాణ నాణెంగా స్వీకరించింది. 100 వరహాలకు 350 రూపాయలు మారకపు రేటు. చెలామణి తప్పిన బంగారు నాణేలకు కంసాలి మూస గాని, టంకశాల కొలిమి గాని గమ్యం అయ్యేది. కావున ఆనాటి సేకర్తకు ఇది కేవలం సరదా కాదు, కాలంతో పందెం వంటిది. విజయనగర వరహాలనే తీసుకుంటే, ఉమామహేశ్వరులు, బాలకృష్ణుడు, అచ్యుతరాయల గండభేరుండం వంటి ముద్రలు వాటిపై కనిపిస్తాయి. వెనుకవైపు నాగరి లిపిలో రాజు పేరు ఉంటుంది. కైఫియత్తులో జనశ్రుతిగా వచ్చిన కథకు ఇటువంటి నాణెం ఒక సాక్ష్యం.

మరణం, సేకరణ గతి

మెకంజీ తన సేకరణకు వివరమైన పట్టిక తయారుచేయదలచాడు. అది నెరవేరకుండానే 1821లో కలకత్తా సమీపాన మరణించాడు. కలకత్తాలోని పార్కు వీధి శ్మశానవాటికలో సమాధి చేయబడ్డాడు. సేకరణకు 15,000 పౌండ్లకు పైగా స్వంత ధనం ఖర్చయిందని అంచనా. ఆయన భార్య వద్ద నుండి కంపెనీ దానిని 10,000 పౌండ్లకు కొన్నది.

సంస్కృత పండితుడు హెచ్.హెచ్. విల్సన్ 1828లో సేకరణ పట్టికను ప్రచురించాడు. అందులో 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన ప్రతులు, 6,218 నాణేలు లెక్కకు వచ్చాయి. నాణేలలో కొన్నింటిని ఆయన 1832లో ఏషియాటిక్ రిసెర్చెస్ 17వ సంపుటంలో వర్ణించాడు. విల్సన్‌కు దక్షిణాది భాషలు రాకపోవడం వలన ఈ పనిలో మెకంజీ పండితులపైన, అనువాదాలపైన ఆధారపడవలసి వచ్చింది. సేకరణ లండను, కలకత్తా, మద్రాసులకు చీలిపోయింది. నాణెం ఏ ఊరిలో, ఏ సందర్భంలో దొరికిందో తెలిసినప్పుడే అది చరిత్రకు పూర్తిగా ఉపకరిస్తుంది. సేకర్త ముందుగా మరణించినందున, ఆయనకూ సహాయకులకూ మాత్రమే తెలిసిన సంగతులు చాలావరకు గ్రంథస్థం కాలేదు.

మిగిలిన పనిని తానే కొనసాగిస్తానని లక్ష్మయ్య ప్రభుత్వాన్ని కోరాడు. ఈ అభ్యర్థనను పరిశీలించిన ఏషియాటిక్ సొసైటీ ఒక భారతీయుడు అటువంటి విమర్శనాత్మక పనికి తగడని భావించింది. ఆ పని విలియం టేలర్ అనే మత ప్రచారకునికి దక్కింది. దశాబ్దాలపాటు సేకరణను నడిపించిన వ్యక్తికి దానిని వివరించే అవకాశం లభించలేదు.

తరువాతి కాలంలో సి.పి. బ్రౌన్ లండనులో ఉన్న తెలుగు, తదితర దక్షిణాది వ్రాతప్రతులను మద్రాసుకు తిరిగి రప్పించి, స్థానిక చరిత్రలకు నకళ్ళు వ్రాయించాడు. ఇవి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. 1816లో థామస్ హిక్కీ చిత్రించిన తైలవర్ణ చిత్రంలో మెకంజీతో పాటు ఆయన భారతీయ సహాయకులు కూడా కనిపిస్తారు.