వాలెస్ ఏక్రాయిడ్

ఆకలిగొన్నవానిని చూచి జాలిపడువారు పెక్కురు. వాడు తినుచున్నదెంతయో తూచి చూచువారు అరుదు. వాలెస్ ఏక్రాయిడ్ అట్టివాడు. ఆయన 1899లో ఐర్లండున జన్మించెను. వైద్యవిద్య నభ్యసించి, 1935లో నీలగిరులలోని కూనూరు పోషకాహార పరిశోధనాలయమునకు అధిపతియై వచ్చెను. 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది ఆ సంస్థయే.

ఆయన కాలమున పరిశోధకులు ఇల్లిల్లును దర్శించి, పొయ్యిమీది కెక్కకముందే బియ్యమును, పప్పును, కూరలను తూచిరి. పిల్లల కన్నులను, నాలుకలను పరీక్షించిరి. ఒక్కపూట తూచిన చాలదు. క్రొత్తవారు వచ్చిరని ఇల్లాలు ఆనాడొక కూర యెక్కువ వండవచ్చును గదా!

ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధి కానవచ్చుచుండెను. తమిళదేశమున అది అరుదు. కారణము వంటయింటనే యున్నది. మనవారు మరలో తెల్లగా పట్టిన పచ్చిబియ్యము తినుచుండిరి. వారు ఉప్పుడు బియ్యము తినుచుండిరి. వడ్లు ఉడికినపుడు పైపొరలోని విటమిను గింజలోని కింకును. పిదప మరపట్టినను కొంత నిలుచును. ఏక్రాయిడును సహచరులును ఈ సంగతిని విశదపరచిరి.

1943 నాటి బెంగాలు కరవుపై ఏర్పడిన విచారణ సంఘమున ఆయన సభ్యుడు. మృతులు సుమారు 15 లక్షలని సంఘము ప్రకటించెను. ఆ లెక్క వేసినవాడు ఆయనయే. ఇల్లు విడిచి, దారిప్రక్కల కూలినవారు అందులో తగినంతగా చేరలేదనియు, సంఖ్య తక్కువయైనదనియు 1974లో తన గ్రంథమున ఆయనయే ఒప్పుకొనెను. అప్పటికి ముప్పది యేండ్లు గడచినవి. 1979లో ఆయన మరణించెను.